పెట్రోలు ముల్లు ఎందుకు అబద్ధం చెబుతుంది: పాత కారు డ్యాష్‌బోర్డు వైరింగ్

చెన్నై పాత సామాను బజారు పుదుపేట సందుల్లో పాత కార్ల మీటర్లు ఇప్పటికీ దొరుకుతాయి. అద్దం పగిలినవి, ముల్లు వంగినవి, అంకెలు వెలిసిపోయినవి అన్నీ ఒకే డబ్బాలో పడి ఉంటాయి. చెన్నైలో హెరాల్డో, అంబాసిడరో, పాత ఫియట్టో ఉన్నవాళ్లు ఆ డబ్బాలు వెతకడానికి కారణం చాలావరకు ఒకటే. పెట్రోలు ముల్లు కదలడం లేదు, లేదా టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఎర్రగీత మీదే ఉంటోంది. వెతికి, బేరమాడి ఒక మీటరు తెచ్చుకుంటారు. బిగిస్తారు. అదీ అలాగే చూపిస్తుంది. దాంతో విసుగెత్తి "మొత్తం వైరింగే మార్పించేద్దాం" అంటారు. మార్పించాక కూడా ముల్లు తీరు మారని కార్లు ఉన్నాయి.

మీటరుకు పెట్రోలు సంగతి తెలియదు. తనలోంచి ఎంత కరెంటు పోతోందో అదొక్కటే దానికి తెలుసు. ఆ కరెంటు బ్యాటరీలో బయల్దేరి తాళం స్విచ్చి, ఫ్యూజు, వోల్టేజీని నిలకడగా ఉంచే స్టెబిలైజర్ దాటి మీటరుకు వస్తుంది. అక్కణ్నుంచి వెనక ట్యాంకులో పెట్రోలు మట్టంతో లేచిపడే ఫ్లోట్ యూనిట్‌కు వెళ్లి, కారు రేకు మీదుగా తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ తుప్పు పట్టినా, ఎక్కడ స్క్రూ వదులైనా ముల్లు తప్పు చెబుతుంది. డ్యాష్‌బోర్డు రీవైరింగ్‌లో వైర్లు లాగడం చివరి పని. ఏ కరెంటు ఎటు వెళ్లి ఎటు తిరిగొస్తోందో తెలుసుకోవడం మొదటి పని. ఆ మొదటి పని సరిగ్గా చేస్తే రెండోది చాలాసార్లు సగానికి సగం తగ్గిపోతుంది.

ఉదాహరణకు హెరాల్డ్‌నే తీసుకుంటాను, అది ఈ ఊరి కారు కాబట్టి. బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా పుట్టిన ఈ కారుకు రూపం ఇచ్చింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలోట్టి. దాన్ని 1961 నుంచి మద్రాసు శివార్లలో, వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ తయారుచేసింది. నాలుగు తలుపుల హెరాల్డ్ మన దేశంలోనే వచ్చింది. తర్వాత గజెల్ పేరుతో 1970ల చివరి భాగం దాకా ఆ వంశం సాగింది. అదే 1961లో ఏర్పడిన లూకాస్ టీవీఎస్ చెన్నైలోని మన పాడిలోనే కార్ల ఎలక్ట్రికల్ సామాను చేయడం మొదలుపెట్టింది. అందుకే హెరాల్డ్ డ్యాష్‌బోర్డు వెనక కనిపించే వైరింగ్ పద్ధతి బ్రిటన్ కంపెనీ లూకాస్ వారిది, మీటర్ల పద్ధతి అక్కడి స్మిత్స్ కంపెనీ వారిది. అంబాసిడర్ తాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాబట్టి ఇక్కడ చెప్పేదాంట్లో చాలా భాగం దానికీ వర్తిస్తుంది. ఫియట్, పద్మినిలది ఇటలీ పద్ధతి. అక్కడ సూత్రాలు ఇవే గానీ రంగులు వేరు.

రంగులు చదవడం

డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కానీ ఆ చిక్కుముడికి ఒక వ్యాకరణం ఉంది. లూకాస్ పద్ధతిలో వైరు అసలు రంగు అది ఏ కుటుంబానిదో చెబుతుంది, దాని మీద సన్నగా పోయే రెండో రంగు గీత ఎక్కడికి వెళ్తోందో చెబుతుంది.

బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. దానికి ఫ్యూజు ఉండదు, తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. తెలుపు అంటే తాళం తిప్పాక ప్రాణం వచ్చేది, దానికీ ఫ్యూజు ఉండదు. అదే కరెంటు ఫ్యూజు దాటాక ఆకుపచ్చ అవుతుంది. ఊదా అంటే ఫ్యూజు ఉన్నా ఎప్పుడూ కరెంటు ఉండేది, హారన్ లాంటివాటికి. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు సైడ్ లైట్లకు. నలుపు ఎప్పుడూ, కరెంటు కారు బాడీ మీదుగా తిరిగి వెళ్లే దారి అయిన ఎర్త్‌కే.

ఇప్పుడు గీతల సంగతి. ఆకుపచ్చ మీద నల్ల గీత ఉంటే అది పెట్రోలు మీటరు నుంచి ట్యాంకుకు. ఆకుపచ్చ మీద నీలి గీత టెంపరేచర్ మీటరు నుంచి ఇంజను మీద వేడిని పసిగట్టే సెండర్‌కు. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఎడమ ఇండికేటర్, తెల్ల గీత కుడి ఇండికేటర్. తెలుపు మీద బ్రౌన్ గీత ఆయిల్ ప్రెషర్ లైటుకు. బ్రౌన్ మీద పసుపు గీత ఛార్జింగ్ లైటుకు. నీలం మీద తెల్ల గీత హై బీమ్, ఎర్ర గీత డిమ్. ఎరుపు మీద తెల్ల గీత మీటర్ల లోపలి బల్బులకు. లేత ఆకుపచ్చ కనిపిస్తే స్టెబిలైజర్ నుంచి మీటర్లకు వెళ్లేది అయ్యుండొచ్చు.

ఇదంతా కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు లెక్క. ఆ తర్వాత యాభై అరవై ఏళ్లలో ఎందరి చేతులు పడ్డాయో! హారన్ కోసం ఒకరు, టేప్ రికార్డర్ కోసం ఒకరు, ఫాగ్ ల్యాంపు కోసం ఇంకొకరు, చేతిలో ఏ వైరు ఉంటే అది వేసి పోయారు. ఇళ్లకు వాడే ఎర్ర వైరు డ్యాష్‌బోర్డు వెనక కనిపించని పాత కారు అరుదు. పైగా ఎండకు, నూనెకు బ్రౌన్, ఎరుపు, ఊదా అన్నీ ఒకే మురికి రంగులోకి మారిపోతాయి. క్లిప్పు కింద, టేపు కింద వెలుతురు తగలని చోట చూస్తే అసలు రంగు దొరుకుతుంది. అక్కడా నమ్మకం కుదరకపోతే మల్టీమీటరుతో ఆ కొస, ఈ కొస పట్టి చూడటమే. రంగును ఆధారంగా తీసుకోండి, రుజువుగా మాత్రం వద్దు.

మీటర్లలో రెండు జాతులు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పాత పద్ధతి పెట్రోలు మీటరులో రెండు తీగచుట్టలు, మధ్యలో చిన్న ఇనుప ముక్క ఉంటాయి. ఏ చుట్టలో అయస్కాంత బలం ఎక్కువైతే ముల్లు అటు లాగబడుతుంది. దీనికి 12 వోల్టులు నేరుగా ఇస్తారు. తాళం తిప్పగానే ముల్లు ఠక్కున లేస్తుంది, కారు మలుపు తిరిగి ట్యాంకులో పెట్రోలు ఊగితే ముల్లూ ఊగుతుంది.

స్మిత్స్ వారు 1960ల్లో దీన్ని వదిలి వేడితో పనిచేసే పద్ధతికి వచ్చారు. రెండు లోహాలను అతికించిన సన్నని పట్టీ చుట్టూ తీగ చుట్టి ఉంటుంది. కరెంటు పోతే తీగ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, ముల్లు కదులుతుంది. తాళం తిప్పాక ముల్లు మెల్లగా, బద్ధకంగా పైకి రావడానికి కారణం ఇదే. పెట్రోలు ఊగినా ముల్లు ఊగదు.

మీ కారులో ఏ జాతి ఉందో తెలుసుకోవడానికి మోడల్ సంవత్సరం చూడకండి, ఈపాటికి మీటర్లు ఎన్నిసార్లు మారాయో ఎవరికి తెలుసు. తాళం తిప్పి ముల్లు కదిలే తీరు చూడండి. ఠక్కున లేస్తే పాతది, తాపీగా లేస్తే వేడిది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, రెండు జాతుల ట్యాంకు యూనిట్లు తలకిందులుగా పనిచేస్తాయి. వేడి పద్ధతికి చెందిన యూనిట్ ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) చూపిస్తుంది. చాలావాటిలో అది 240 ఓమ్‌ల పైమాటే. సగం ట్యాంకులో 70కి అటూ ఇటూ, నిండితే 20 దగ్గర ఉంటుంది. పాత పద్ధతిలో ఖాళీ అంటే దాదాపు సున్నా, నిండేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. కాబట్టి ట్యాంకు దగ్గర వైరు ఊడిపోతే వేడి మీటరు "ఖాళీ" అంటుంది, పాత మీటరు "ఫుల్" అంటుంది. ఆ వైరును బాడీకి తాకిస్తే అదే తిరగబడుతుంది. వేడి మీటరు ఫుల్ వైపు పోతుంది, పాతది ఖాళీకి పడిపోతుంది. ఈ పరీక్ష రెండు మూడు సెకన్లకు మించి చేయకండి. వేడి మీటరు తీగ కాలిపోతే తిరిగి రాదు.

సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఒక జాతి మీటరు, ఇంకో జాతి యూనిట్ జతపడటం మామూలే. పెట్రోలు పోస్తుంటే ముల్లు కిందికి దిగుతోందని ఎవరైనా చెబితే నవ్వకండి, అది నిజంగా జరిగే విషయం. వైరింగ్ మొత్తం మార్చినా అది మారదు, యూనిట్ మార్చాలి.

తుప్పు ప్రభావం కూడా రెండింటిలో వేరు. ట్యాంకు ఎర్త్ దగ్గర తుప్పు పట్టిందంటే దారిలో రెసిస్టెన్స్ పెరిగినట్టే. వేడి మీటరు అప్పుడు ఉన్నదానికంటే తక్కువ పెట్రోలు చూపిస్తుంది. అది మనకు మేలు చేసే అబద్ధం. పాత మీటరైతే లేని పెట్రోలు ఉన్నట్టు చూపిస్తుంది. టెంపరేచర్ మీటరుకు వస్తే, ఇంజను మీది సెండర్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే రకం. అక్కడ కనెక్షన్‌లో తుప్పు ఉంటే ముల్లు అసలు కంటే చల్లగా చూపిస్తుంది. మే నెలలో మౌంట్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఇంజను ఉడుకుతుంటే ముల్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. నన్నడిగితే ముందు సరిచేయాల్సింది పెట్రోలు ముల్లు కాదు, ఇది.

స్టెబిలైజర్ అనే చిన్న డబ్బా

వేడి పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. ఇంజను ఆగి ఉంటే బ్యాటరీ 12 వోల్టుల చిల్లర ఇస్తుంది, ఇంజను తిరుగుతుంటే 14 దాకా వస్తుంది. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పెట్రోలు పెరిగినట్టు కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా మీటర్ల ముందు ఒక స్టెబిలైజర్ పెట్టారు. అగ్గిపెట్టె కంటే చిన్న రేకు డబ్బా. దాని లోపల కూడా వేడికి వంగే పట్టీయే ఉంటుంది. అది కరెంటును కలుపుతూ, తెంపుతూ ఉంటుంది. మొత్తం మీద 10 వోల్టులు నిలకడగా ఇస్తే ఎంత వేడి పుడుతుందో అంతే మీటర్లకు అందేలా చూస్తుంది. మీటర్లే బద్ధకస్తులు కాబట్టి ఈ కలపడం తెంపడం ముల్లులో కనిపించదు.

దీని మీద బి అని ఉన్న చోట కరెంటు వస్తుంది, ఐ అని ఉన్న చోట నుంచి మీటర్లకు పోతుంది. ఎర్త్ మాత్రం డబ్బా రేకు ద్వారానే. అది బిగించిన స్క్రూ దగ్గర రంగో తుప్పో అడ్డం వస్తే లోపలి పట్టీ వేడెక్కదు, కాంటాక్టు తెగదు, మీటర్లకు పూర్తి 14 వోల్టులు పోతాయి. 10కి బదులు 14 అంటే వేడి దాదాపు రెట్టింపు. పెట్రోలూ, టెంపరేచరూ రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తున్నాయంటే ముందు ఈ స్క్రూ చూడండి. రెండూ ఒకేసారి చచ్చిపోతే స్టెబిలైజరో, దానికి వచ్చే కరెంటో పోయినట్టు. ఒక్కటే తప్పు చూపిస్తుంటే స్టెబిలైజర్ జోలికి వెళ్లొద్దు, ఆ మీటరు వైరు, సెండర్, ఎర్త్ చూడాలి. మీటరు మార్చే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే పుదుపేట ప్రయాణం చాలాసార్లు తప్పుతుంది.

డిజిటల్ మల్టీమీటరుతో పాత స్టెబిలైజర్‌ను కొలవబోతే అంకెలు పిచ్చిగా గంతులేస్తాయి. అది పాడైందని అర్థం కాదు, దాని పనే అది. చిన్న టెస్ట్ ల్యాంపు పెడితే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, అది చాలు. నిజంగా పాడైతే చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో తక్కువ ధరకు దొరికే 7810 రెగ్యులేటర్ వేసుకోవచ్చు. నిలకడగా 10 వోల్టులు ఇస్తుంది. పాత డబ్బా లోపలే అమర్చితే బయటికి తేడా కనిపించదు. కానీ ఒక మెలిక ఉంది. 1960ల మధ్య దాకా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలపడం మామూలు. మీ కారు ఇంకా అలాగే ఉంటే 7810 పనికిరాదు, 7910 కావాలి. 7810 వెనక రేకు ఎర్త్ కాబట్టి నేరుగా బాడీకి బిగించొచ్చు. 7910 వెనక రేకు ఇన్‌పుట్, దాన్ని బాడీకి తాకిస్తే షార్టే. పాత స్టెబిలైజర్‌కూ, వేడి మీటర్లకూ ఎర్త్ ఏ వైపున్నా పట్టింపు లేదు. కొత్త ఎలక్ట్రానిక్ ముక్క ఏది పెట్టినా పట్టింపు ఉంటుంది.

తిరుగు దారి

పుదుపేటలో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయనది గూడూరు. ఎవరు ఏ మీటరు పట్టుకొచ్చినా ఆయన ముందు అడిగేది ఒక్కటే: "ఎర్త్ చూశారా సార్?" చూశామంటే, "విప్పి చూశారా, ఊరికే చూశారా?" అంటారు. నా అభిప్రాయంలో పాత కార్ల ఎలక్ట్రికల్ విద్యలో సగం ఆ రెండో ప్రశ్నలో ఉంది.

హెరాల్డ్‌లో ఈ బాధ మరీ ఎక్కువ. చాలా కార్లలో బాడీ అంతా ఒకటే ముక్కగా అతికి ఉంటుంది. హెరాల్డ్‌లో విడిగా ఛాసిస్ ఉంటుంది, బాడీని ముక్కలు ముక్కలుగా దాని మీద బోల్టులతో బిగిస్తారు. ముందు బానెట్, మడ్‌గార్డులు, లైట్లు అన్నీ కలిసి ఒకే ముక్కగా ముందుకు వాలతాయి. రిపేరుకు ఎంతో సుఖం. కానీ కరెంటు తిరిగొచ్చే దారిలో ప్రతి బోల్టూ ఒక గేటే. బాడీకి రంగు కొట్టించినప్పుడు ఆ కీళ్లలో కూడా రంగు పడితే గేటు మూసుకున్నట్టే. మెరిసిపోవాలని కారంతా రంగేయించాక అన్ని దీపాలూ గుడ్డివైపోయిన కార్లు ఉన్నాయి.

ఇక చెన్నై గాలి. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు సముద్రపు ఉప్పు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. 2015 వరదల్లోనూ, 2023 మిచాంగ్ తుఫానులోనూ నీట మునిగిన కార్ల కనెక్టర్లు బయటికి బాగానే కనిపిస్తాయి. లాగి చూస్తే లోపల రాగి పచ్చగా పొడి పొడిగా ఉంటుంది.

ఎర్త్ తెగితే కరెంటు ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. మీటర్ల బల్బులన్నీ ఒకే నల్ల వైరు గొలుసు మీద ఆధారపడి ఉంటే, ఆ గొలుసు మధ్యలో తెగినప్పుడు ఒక బల్బు కరెంటు ఇంకో బల్బు గుండా వెనక్కి పోతుంది. ఇండికేటర్ వేస్తే మీటరు లైటు మినుకుమినుకుమంటుంది, హెడ్‌లైట్ వేస్తే పెట్రోలు ముల్లు కదులుతుంది. ఇంట్లో న్యూట్రల్ పోయినప్పుడు ఒక గదిలో స్విచ్చి వేస్తే ఇంకో గదిలో ఫ్యాన్ తీరు మారడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. సంబంధం లేని రెండు వస్తువులు కలిసి ఆడుతున్నాయంటే అనుమానం మొదట ఎర్త్ మీదే పెట్టాలి.

మా మావయ్య హెరాల్డ్‌లో మీటర్లు చెక్క పలకకు బిగించి ఉన్నాయి. చెక్కలో కరెంటు పోదు కాబట్టి ప్రతి మీటరు వెనకా నల్ల వైరు తప్పనిసరి. ఆ గొలుసును ఒక్క కొసలో వదలకుండా రెండు కొసలూ బాడీకి బిగించడం నా పద్ధతి. ఎక్కడో ఒక చోట తెగినా రెండో వైపు దారి ఉంటుంది. ఫ్యాక్టరీ వాళ్లు అలా చేయలేదు కదా అని అసలుతనం పట్టింపు ఉన్నవాళ్లు అంటారు. పలక వెనక ఉన్న నల్ల వైరు ఎవరికీ కనిపించదు.

కోయకూడనివి, అంటుకునేవి

డ్యాష్‌బోర్డు కింద చేయి పెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీసేయండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. బ్రౌన్, తెలుపు వైర్లకు ఫ్యూజు లేదని ముందే చెప్పాను కదా. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో రెండు ఫ్యూజులుంటే గొప్ప, కొన్నింటిలో అవీ లేవు. స్పానర్ ఒక్కసారి బ్రౌన్ టెర్మినల్‌కూ బాడీకీ మధ్య పడితే వైరు మొదటి నుంచి చివరి దాకా ఎర్రగా కాలుతుంది.

మీటర్ల వెనకకు వచ్చే సన్నని గొట్టాలు కొన్ని వైర్లు కావు. ఆయిల్ ప్రెషర్ మీటరు ఉన్న కార్లలో సన్నని పైపులో ఇంజను ఆయిలే డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది. పాత రకం టెంపరేచర్ మీటర్లకు రాగి గొట్టం ఉంటుంది, అందులో ఈథర్ నింపి శాశ్వతంగా మూసేస్తారు. దాన్ని కోస్తే మీటరు పోయినట్టే. స్పీడోమీటరుకు వచ్చే లావు కేబుల్ కూడా యంత్రమే, దానికి కరెంటుతో పనిలేదు. ముల్లు వణుకుతుంటే లోపలి తీగకు గ్రీజు, మెలికలు చూసుకోవడం తప్ప వైరింగ్‌తో సంబంధం లేదు.

పాత జీపుల్లో, కొన్ని కార్లలో కరెంటు ఎంత పోతోందో చూపే అమ్మీటరు ఉంటుంది. కొందరు ముచ్చటపడి హెరాల్డ్‌కూ పెట్టించుకున్నారు. చూడటానికి బాగుంటుంది గానీ, స్టార్టర్ తప్ప కారులోని కరెంటంతా ఫ్యూజు లేకుండా డ్యాష్‌బోర్డు దాకా వచ్చి దాని గుండా పోవాలి. ఒక నట్టు వదులైతే అక్కడే నిప్పు. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే పాత లూకాస్ డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు, దానికి 30 ఆంపియర్ల అమ్మీటరు సరిపోయింది. దాని స్థానంలో ఇప్పుడు ఇంకా ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టి, పాత వైర్లూ పాత అమ్మీటరూ అలాగే ఉంచడం ప్రమాదం. నేనైతే అమ్మీటరు తీసి వోల్ట్‌మీటరు పెడతాను. దానికి సన్నని వైరు, చిన్న ఫ్యూజు చాలు. ఇంజను ఆగి ఉన్నప్పుడు 12.6, తిరుగుతున్నప్పుడు 14కు దగ్గరగా ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే.

ఛార్జింగ్ లైటు గురించి ఒక చిన్న సంగతి. దాని ఒక వైపు తాళం నుంచి కరెంటు, రెండో వైపు డైనమో లేదా ఆల్టర్నేటర్. రెండు వైపులా వోల్టేజీ సమానమైతే లైటు ఆరిపోతుంది. డైనమో తనంతట తానే మేల్కొంటుంది. ఆల్టర్నేటర్‌కు మేల్కొనడానికి ఈ బల్బు గుండా వచ్చే కాస్త కరెంటు కావాలి. కాబట్టి అక్కడున్న 2.2 వాట్ల బల్బు తీసి ఎల్ఈడీ పెడితే బ్యాటరీ ఛార్జ్ కాకపోవచ్చు. మీటర్ల లైటింగ్‌కు ఎల్ఈడీలు పెట్టుకోండి, అందంగా ఉంటాయి. ఈ ఒక్క చోట మాత్రం పాత బల్బే ఉండనివ్వండి.

ఫ్యూజు అంకెల్లోనూ ఒక ఉచ్చు ఉంది. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, 35 ఆంపియర్లకు అది పేలిపోతుందని అర్థం. నిరంతరం మోయగలిగేది అందులో సగమే, 17 దాకా. ఇప్పటి ప్లాస్టిక్ బ్లేడు ఫ్యూజుల మీద ఉండేది నిరంతరం మోయగలిగే అంకె. 35 తీసి 35 పెట్టాం కదా అనుకుంటే రక్షణ సగం పోయినట్టే. 15 పెట్టి చూడండి, మామూలుగా అదే సరిపోతుంది.

పని చేసే తీరు

వైరు ఎంపికలో బేరం వద్దు. ఇళ్లకు వాడే వైరులో పోగులు తక్కువ, లావు. కారు వణుకుడికి అవి తెగుతాయి, ఇంజను వేడికి పైపొర మెత్తబడుతుంది. ఆటోమొబైల్ వైరులో సన్నని పోగులు చాలా ఉంటాయి. మీటర్లకు, చిన్న బల్బులకు 1 స్క్వేర్ ఎంఎం చాలు, అది 8 ఆంపియర్ల దాకా హాయిగా మోస్తుంది. హెడ్‌లైట్లకు 2 స్క్వేర్ ఎంఎం. రెండు 60 వాట్ల బల్బులంటే 10 ఆంపియర్లు. 1 స్క్వేర్ ఎంఎం వైరులో మూడు మీటర్ల దూరానికి అర వోల్టు దాకా దారిలోనే పోతుంది. స్విచ్చిలో, కనెక్టర్లలో పోయేది దానికి అదనం. ఎలాగూ డ్యాష్‌బోర్డు విప్పారు కాబట్టి హెడ్‌లైట్లకు రిలేలు పెట్టేయండి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చీలు. పాత స్విచ్చి బతికిపోతుంది, దీపాలూ తెల్లబడతాయి.

కొసలకు లగ్గులు (లోహపు కొనలు) మంచి క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి, కటింగ్ ప్లయర్‌తో కొరకడం క్రింపింగ్ కాదు. టంకం వేస్తే గట్టిగా ఉంటుందని మన పాత మేస్త్రీల నమ్మకం. టంకం వైరులోకి పాకిన చోట పోగులు బిరుసెక్కుతాయి, వణుకుడికి సరిగ్గా ఆ అంచునే తెగుతాయి. పాత బుల్లెట్ కనెక్టర్లకు టంకం తప్పదు, అక్కడ స్లీవ్ తొడగండి. కట్ట కట్టడానికి మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు వాడితే ఒక్క వేసవిలో జిగురు కారి చేతులకంటుతుంది. జిగురు లేని వైరింగ్ టేపు అడిగి తీసుకోండి.

పాత కట్టను ఒకేసారి కోసి పారేయొద్దు. ఒక్కొక్క సర్క్యూట్ తీసుకుని, కాగితం మీద గీసుకుని, వైరు కొసలకు అంకెలు కట్టి, కొత్త వైరు లాగి, పరీక్షించి, అప్పుడు పాతది తీయాలి. ఫోన్‌లో ఫొటోలు తీసుకోవడం మంచిదే, కానీ ఆ ఫొటోలో వైరు కట్ట వెనక ఎటు పోయిందో కనిపించదు. కాగితం మీద గీసే చేతికే అది తెలుస్తుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీ కేబుల్ నేరుగా తగిలించకండి. బ్యాటరీ ఎర్త్‌కూ బాడీకీ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి కలపండి, ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసి పక్కన పెట్టండి. తాళం తిప్పకముందే బల్బు భగ్గున వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది, బ్రౌన్ లేదా ఊదా కుటుంబంలో వెతకండి. తాళం తిప్పాక వెలిగితే తెలుపు లేదా ఆకుపచ్చలో. వార్నింగ్ లైట్లు రెండు మాత్రమే వెలిగి ఈ బల్బు ఆరిపోయే ఉంటే పని బాగుంది. షార్ట్ ఉన్నా ఈ బల్బు గుండా రెండు ఆంపియర్లకు మించి పోవు కాబట్టి వైర్లు కాలవు.

చివరగా పెట్రోలు మీటరును సరిచేయడం. ట్యాంకు ఖాళీ చేసి 5 లీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగి, ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకోండి. స్మిత్స్ వేడి మీటర్ల వెనక మూతలు వేసిన రెండు రంధ్రాలుంటాయి. వాటిలో సన్నని స్క్రూడ్రైవర్‌తో ఖాళీ వైపు ఒకటి, నిండు వైపు ఒకటి సర్దుకోవచ్చు. ఒకటి కదిపితే రెండోది కాస్త కదులుతుంది, కాబట్టి రెండూ పూర్తిగా కుదరవు. ఖాళీ వైపు కుదిర్చి వదిలేయండి. నిండు ట్యాంకులో ముల్లు కాస్త తక్కువ చూపిస్తే ఎవరికీ నష్టం లేదు, ఖాళీ దగ్గర తేడా వస్తే మాత్రం ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఎండలో క్యాను పట్టుకుని బంకు దాకా నడవాలి.